బీచ్ రోడ్డు చెప్పే అబద్ధం

వైజాగ్‌లో కొత్తగా సైకిల్ కొన్న ప్రతివాడూ మొదటి ఆదివారం చేసే పని ఒకటే. ఆర్కే బీచ్‌కి వచ్చి, కురుసుర సబ్‌మెరైన్ ముందు సైకిల్ నిలబెట్టి, ఫొటో తీసుకుని, భీమిలి వైపు బయల్దేరడం. నేనూ అంతే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం, 88 కిలోల బరువు, హెచ్‌బీఏ1సీ రిపోర్టులో 6.1. ‘ప్రీ డయాబెటిస్’ అని డాక్టర్ చాలా మామూలుగా చెప్పారు. మా నాన్నకి నలభై ఎనిమిదో ఏట వచ్చిన షుగరు నాకు ఇరవై ఆరుకే తలుపు తడుతోందంటే, నాకు మాత్రం మామూలుగా అనిపించలేదు. ఆ నెల జీతంలో సగం పోసి సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ కొన్నాను.

ఏప్రిల్ నెల. లాసన్స్ బే, అప్పుఘర్, తెన్నేటి పార్కు. 2020లో బంగ్లాదేశ్ ఓడ ఎంవీ మా కొట్టుకొచ్చి రాళ్ళకి తగులుకుంది ఇక్కడే, గుర్తుందా? అక్కడి నుంచి జోడుగుళ్ళపాలెం, సాగర్‌నగర్ మీదుగా రుషికొండ దాటేసరికి స్పీడు 30 చూపిస్తోంది. కుడి పక్కన సముద్రం, ఎడమ పక్కన కొండలు. మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు వెనక్కి పరిగెడుతున్నాయి. నేను పుట్టుకతోనే సైక్లిస్టుననీ, ఇన్నాళ్ళూ గమనించుకోలేదనీ గట్టిగా నమ్మేశాను. భీమిలిలో నాలుగు ఇడ్లీ తిని వెనక్కి తిరిగాను.

అప్పుడు తెలిసింది, అక్కడిదాకా తొక్కింది నేను కాదని. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. వేసవిలో గాలి వీచేదీ అటే. అంటే వెళ్ళేటప్పుడు వీపు మీద చెయ్యేసి తోస్తుంది, వచ్చేటప్పుడు ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపుతుంది. గంటలోపు వెళ్ళినవాణ్ణి తిరిగి రావడానికి రెండు గంటలు తీసుకున్నాను. రుషికొండ దగ్గర ఎత్తు ఎక్కలేక దిగి నడుస్తుంటే, తలమీద గంపతో ఎదురొచ్చిన ఒకామె నన్నూ సైకిల్నీ మార్చి మార్చి చూసి, “ఏటి బాబూ, బండి పాడైపోనాదా?” అంది. బండికేం కాలేదమ్మా.

ఈ పాఠం అప్పుడే బుర్రకెక్కి ఉంటే ఈ వ్యాసం ఇక్కడితో అయిపోయేది. ఎక్కలేదు.

పది నెలలు తిరక్కుండానే 200 కిలోమీటర్ల బ్రెవేకి పేరు ఇచ్చాను. బ్రెవే అంటే రేసు కాదు. ఫస్టూ సెకండూ ఉండవు. చేతిలో ఒక కార్డు ఇస్తారు, మధ్యలో కంట్రోల్ పాయింట్ల దగ్గర నమోదు చేయించుకుంటూ, ఎవరి సాయం లేకుండా, పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. తిండికీ పంక్చర్‌కీ ఆగిన టైము కూడా అందులోనే. అంటే సగటున గంటకి 15 కిలోమీటర్లు చాలు. ఇది నాకు తెలుసు. తెలిసీ, పొద్దున్న ఆరింటికి హనుమంతవాక దగ్గర బయల్దేరి, ముందు వెళ్తున్న ముగ్గురు కుర్రాళ్ళ చక్రం పట్టుకుని ఆనందపురం, తగరపువలస, భోగాపురం ఊదేసుకుంటూ పోయాను. మొదటి 50 కిలోమీటర్లు గంటా నలభై ఐదు నిమిషాల్లో! ఎచ్చెర్ల దగ్గర వెనక్కి తిరిగేసరికి పది దాటింది. అప్పటిదాకా నేను తిన్నది ఒక అరటిపండు. ఆకలి వెయ్యలేదు మరి.

తిరుగు ప్రయాణంలో సముద్రం గాలి లేచింది. రణస్థలం దాటాక తొడలు బిగుసుకుపోయాయి. పూసపాటిరేగ దగ్గర, సుమారు 140 కిలోమీటర్ల వద్ద, హైవే పక్కన చెట్టు కింద కూలబడ్డాను. చేతులు వణుకుతున్నాయి, కళ్ళ ముందు చుక్కలు. నిర్వాహకులకి ఫోన్ చేసి ‘మానేస్తున్నాను’ అని చెప్పి, ఒక గూడ్స్ ఆటో మీద సైకిల్ వేసుకుని ఇంటికొచ్చేశాను. టైము మధ్యాహ్నం రెండు.

ఇప్పటికీ మండే విషయం ఒకటుంది. గడువు రాత్రి ఏడున్నర దాకా ఉంది. మిగిలింది 60 కిలోమీటర్లు, చేతిలో ఐదున్నర గంటలు. గంటకి 11 కిలోమీటర్లు తొక్కినా చాలు. ఆ చెట్టు కిందే ఒక గంట పడుకుని, నాలుగు అరటిపళ్ళు తిని లేచినా పూర్తయ్యేది. రోజంతా కంప్యూటర్‌తో లెక్కలు చేయించేవాణ్ణి, ఈ చిన్న భాగహారం చెయ్యలేకపోయాను. ఒంట్లో చక్కెర అడుగంటితే కాళ్ళకంటే ముందు బుర్ర ఆగిపోతుందట. అనుభవం మీద చెప్తున్నాను, నిజమే.

ఓడినవాడు ఏం చేస్తాడు? ఇంకా గట్టిగా తొక్కుతాడు. నేను వారానికి ఆరు రోజులు, ప్రతిరోజూ నిన్నటి టైము కొట్టాలని తొక్కాను. ఆఫీసులో అమెరికా వాళ్ళతో కాల్స్ రాత్రి పదకొండున్నరకి అయ్యేవి. అలారం నాలుగున్నరకి. ఆరు వారాలయ్యేసరికి పొద్దున్న లేచీ లేవగానే వాచీ చూపించే గుండె వేగం 58 నుంచి 67కి పెరిగింది. మెట్లు దిగుతుంటే కుడి మోకాలి ముందు భాగంలో సూది గుచ్చినట్టు నొప్పి. చిత్రం ఏమిటంటే, స్పీడు పెరగలేదు సరికదా, తగ్గింది.

ఆ ఆదివారం కుంటుకుంటూ కూర్మన్నపాలెం వెళ్ళాను, అమ్మానాన్నల దగ్గరికి.

మా నాన్న స్టీల్ ప్లాంటులో, బ్లాస్ట్ ఫర్నేస్ విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. మా చిన్నప్పుడు ఉక్కునగరం క్వార్టర్స్ నుంచి ప్లాంటుకి హెర్క్యులిస్ సైకిల్ మీదే వెళ్ళేవారు. ఏ షిఫ్ట్, బీ షిఫ్ట్, సీ షిఫ్ట్. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఈ ఊళ్ళో ఆ ప్లాంటు ఉత్త ఫ్యాక్టరీ కాదని మీకు చెప్పక్కర్లేదు. ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అంటూ 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయి. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే, 1992లో పీవీ నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021లో వాటాలు మొత్తం అమ్మేస్తామని కేంద్రం ప్రకటించాక కూర్మన్నపాలెం శిబిరంలో కూర్చున్నవాళ్ళలో నాన్నా ఒకరు. స్కూటర్ కొన్నాక ఆయన సైకిల్ వరండాలోకి చేరింది. ఆ మూడేళ్ళకి షుగరు వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఆయన ఒప్పుకోరు, అది వేరే సంగతి.

నా కథంతా విని ఆయన మొదట అడిగింది స్పీడు గురించి కాదు. “ఏం తిన్నావు?” అన్నారు. ఒక అరటిపండు అన్నాను. ఆయన నవ్వలేదు. ఫర్నేస్ గురించి చెప్పడం మొదలెట్టారు.

ప్లాంటులో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటికి పేర్లు కూడా ఉన్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పైనుంచి కోక్, సింటర్, ఇనుప ఖనిజం, సున్నపురాయి కొంచెం కొంచెంగా పడుతూనే ఉంటాయి. కింద నుంచి వేడిగాలి ఊదుతూనే ఉంటారు. రాత్రీ పగలూ, పండగా పబ్బం లేదు. “ఫర్నేసు ఖాళీ అయ్యాక వేద్దాంలే అని ఎవడూ కూర్చోడురా. అలా కూర్చుంటే లోపల చల్లబడి గడ్డకడుతుంది. మళ్ళీ దాన్ని లేపాలంటే ప్రాణాలు పోతాయి. వేడెక్కించేటప్పుడు కూడా నెమ్మదిగా. ఒకేసారి మంట పెంచితే లోపలి ఇటుకలు పగులుతాయి. నువ్వు రెండూ చేశావు. పొద్దున్నే మంట పెంచేశావు, బొగ్గు వెయ్యలేదు.”

ఇంటర్నెట్‌లో నేను చదివిన స్పోర్ట్స్ న్యూట్రిషన్ అంతా ఇంతే నిజానికి. గట్టిగా తొక్కితే ఒంట్లో నిల్వ ఉన్న గ్లైకోజెన్ గంటన్నర, రెండు గంటలకే తరిగిపోతుంది. అందుకే పొడుగు రైడ్‌లో గంటకి 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం, ఆకలితో పని లేకుండా లోపల పడాలి. ఒక మోస్తరు అరటిపండులో పాతిక గ్రాములుంటాయి. దానికో పల్లీ చిక్కీ తోడు. ఇంపోర్టెడ్ ఎనర్జీ జెల్స్ కొనే డబ్బుతో గంపెడు అరటిపళ్ళు వస్తాయి. షుగరు అంచున ఉన్నవాడు తీపి తినొచ్చా అని నాకూ భయం వేసింది, డాక్టర్నే అడిగాను. రైడ్ మధ్యలో తినడం వేరు, సోఫాలో కూర్చుని తినడం వేరు అన్నారు. మీ సంగతి మీ డాక్టర్ని అడగండి.

ఇక నీళ్ళు. వైజాగ్ ఉక్కపోతలో చెమట ఆరదు, కారుతుంది. రైడ్‌కి ముందూ తర్వాతా బరువు చూసుకోమని ఎవరో చెప్తే చూశాను. మే నెలలో రెండు గంటల రైడ్‌కి, బాటిల్ నీళ్ళు తాగాక కూడా, కిలోంబావు తగ్గాను. అదంతా నీరే. కొవ్వు కరిగిందని సంబరపడకండి. మా అమ్మ ఉప్పేసిన పల్చటి మజ్జిగ ఒక సీసాలో, ఓఆర్ఎస్ ఇంకో సీసాలో పోసి ఇవ్వడం అప్పుడే మొదలైంది.

మోకాలి నొప్పికి కారణం మరీ సిల్లీగా ఉంది. సీటు కిందికి ఉంది! గోడకి ఆనుకుని ఎక్కి, పెడల్ అడుగుకి వెళ్ళినప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా చాచుకోవాలి. నాది వంగి ఉంది. రెండు సెంటీమీటర్లు లేపాను, రెండు వారాలు సైకిల్ ముట్టలేదు. నొప్పి పోయింది.

అక్కడి నుంచి ఊరే నాకు కోచ్ అయ్యింది. 

ఎంవీపీ కాలనీలో నా రూము నుంచి అమ్మావాళ్ళింటికి పోర్టు మీదుగా దారి. కాన్వెంట్ జంక్షన్ దాటాక లారీలు, దుమ్ము, కళ్ళజోడు లేకపోతే కళ్ళు ఎర్రగా అయిపోతాయి. రోడ్డుకి అడ్డంగా రైలు పట్టాలు. ఒక వానాకాలం పొద్దున్న వాటిని ఏటవాలుగా దాటబోయాను. సన్నటి టైరు పట్టా సందులో ఇరుక్కుంది, నేను ఎగిరి మోచేతుల మీద పడ్డాను. వెనక లారీ దూరంగా ఉంది కాబట్టి ఈ మాటలు రాస్తున్నాను. పట్టాలు ఎప్పుడూ నిలువుగా, తొంభై డిగ్రీల్లో దాటాలి. తడిగా ఉంటే దిగి నడవాలి. దిగితే పరువేం పోదు.

సింధియా దగ్గర పక్కకి తిరిగితే యారాడ ఘాట్. డాల్ఫిన్స్ నోస్ కొండ భుజం మీదుగా ఎక్కి అవతలికి దిగితే యారాడ బీచ్. మలుపు తిరగ్గానే కొండకీ కొబ్బరితోటలకీ మధ్య సముద్రం కనపడుతుంది చూడండి, ఆ ఒక్క చూపుకోసం ఎక్కొచ్చు. కానీ దిగేటప్పుడు ఆ చూపే ప్రమాదం. నేను దిగడం నేర్చుకున్నది ఇక్కడ. బ్రేకు మలుపులో కాదు, మలుపుకి ముందే. బయటివైపు పెడల్ కిందికి, బరువంతా దాని మీద. కళ్ళు చక్రం ముందున్న గుంత మీద కాదు, మలుపు ఎక్కడ విడుతుందో అక్కడ. సైకిల్ మన చూపు వెంటే వెళ్తుంది. గుంతనే చూస్తే గుంతలోకే వెళ్తుంది.

ఎక్కడం మాత్రం సింహాచలం నేర్పింది. ఘాట్ రోడ్డు మొదట్లో పెద్ద గేరులో లేచి నిలబడి తొక్కేవాణ్ణి. మూడో మలుపుకి ఊపిరి అయిపోయేది, కోతులు జాలిగా చూసేవి. క్యాడెన్స్, అంటే నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతోందో ఆ లెక్క, నాది 50 ఉండేది. వెనక గేర్ల చక్రాన్ని 11–28 నుంచి 11–32కి మార్పించి, కూర్చునే, 75, 80 తిప్పడం అలవాటు చేసుకున్నాను. కండరం మీద భారం తగ్గి గుండె మీదికి వెళ్తుంది. గుండె త్వరగా తేరుకుంటుంది, తొడ తేరుకోదు. కొండ మొదట్లో ‘ఇంత నెమ్మదిగానా’ అని సిగ్గేసే వేగంతో మొదలెడితే, చివరి మలుపులో ఇంకా మిగిలి ఉంటుంది.

దీన్ని మా అమ్మమ్మ ఏ గేర్లూ లేకుండా చేసి చూపించింది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరి ప్రదక్షిణ, 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ముడసర్లోవ, హనుమంతవాక, అప్పుఘర్, అటునుంచి ఎన్‌ఏడీ, గోపాలపట్నం చుట్టి మళ్ళీ అక్కడికే. 68 ఏళ్ళ వయసులో, చెప్పుల్లేకుండా నడిచింది. ఆవిడకి తోడు వెళ్ళింది నేనే. మొదటి రెండు గంటలూ కుర్రాళ్ళు గోవిందలు కొడుతూ మమ్మల్ని దాటుకుంటూ పరిగెత్తారు. అర్ధరాత్రికి వాళ్ళలో చాలామంది అప్పుఘర్ దగ్గర కాళ్ళు పిసుక్కుంటూ కూర్చున్నారు. అమ్మమ్మ అదే నడక. ఆగినచోటల్లా గ్లాసుడు మజ్జిగ, గుప్పెడు పులిహోర. “పరిగెత్తినోల్లు ముందెల్తారు గాని, ముందు సేరర్రా” అంది. అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. విన్నాను, మర్చిపోయాను.

స్టీఫెన్ సీలర్ అని ఒక శాస్త్రవేత్త ఉన్నాడు, అమెరికాలో పుట్టి నార్వేలో పనిచేస్తున్నాడు. పెద్ద పెద్ద ఎండ్యూరెన్స్ అథ్లెట్లు ఎలా ప్రాక్టీస్ చేస్తారో లెక్కలు తీస్తే, పది సెషన్లలో ఎనిమిది తేలిగ్గానే, మాట్లాడుతూ చెయ్యగలిగేంత తేలిగ్గా చేస్తున్నారని తేలింది. గట్టిగా చేసేవి రెండే. మనలాంటివాళ్ళం అన్నీ మధ్యరకంగా చేస్తాం. తేలికా కాదు, కష్టమూ కాదు. అలసటకి మాత్రం లోటుండదు.

కాబట్టి నా వారం మారింది. నాలుగు రైడ్లు. రెండు రోజులు బీచ్ రోడ్డు మీద, ఫోన్లో మాట్లాడగలిగేంత నెమ్మదిగా (మాట్లాడకండి, లెక్క కోసం చెప్తున్నాను). ఒక రోజు తొట్లకొండ. పైన బౌద్ధారామం, రాతిలో తొలిచిన నీటి తొట్లు, వాటి పేరే కొండకి వచ్చింది. ఎత్తు 128 మీటర్లే. గట్టిగా ఎక్కి, నెమ్మదిగా దిగి, మళ్ళీ ఎక్కి, నాలుగుసార్లు. ఆదివారం పొడుగు రైడ్, నాన్నావాళ్ళ ఇంటిదాకా, అక్కడి నుంచి ఉక్కునగరం చెట్ల నీడల్లో సెక్టార్లన్నీ చుట్టి. మిగతా మూడు రోజులు ఏమీ లేదు. ఈ ‘ఏమీ లేదు’ అనేదే అన్నిటికంటే కష్టం. స్నేహితులు భీమిలి నుంచి సెల్ఫీలు పెడుతుంటే రూములో పడుకుని ఉండాలి కదా.

నిద్ర విషయంలో కూడా నాన్న మాటే. సీ షిఫ్ట్ దిగి వచ్చిన రోజు ఆయన టిఫిన్ తిని, కిటికీలకి దుప్పట్లు కట్టి పడుకునేవారు. ఇంట్లో టీవీ పెట్టకూడదు, మేము గట్టిగా మాట్లాడకూడదు. “నిద్ర కూడా డ్యూటీయేరా. అది ఎగ్గొట్టి ఫర్నేసు దగ్గర నిలబడితే ఎవడికో ఒకడికి ప్రమాదం.” మేనేజర్‌తో మాట్లాడి వారానికి రెండు లేట్ కాల్స్ మాత్రమే ఉంచుకున్నాను. మర్నాడు పొద్దున్న రైడ్ ఉండదు. వాచీ 64 పైన చూపిస్తే ఆ రోజు కూడా లేదు. మూడు నెలలకి అది 55కి దిగింది. అదే బీచ్ రోడ్డు, అదే ఎదురుగాలి, మాట్లాడగలిగే వేగమే 18 నుంచి 23కి వచ్చింది. గట్టిగా తొక్కకుండా వేగం పెరగడం ఏమిటో మొదట నాకూ నమ్మబుద్ధి కాలేదు.

డిసెంబర్‌లో మళ్ళీ 200కి పేరు ఇచ్చాను. ఈసారి గాలి ఈశాన్యం. అంటే వెళ్ళేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు వెనక. హ్యాండిల్‌బార్ మీద ఒక కాగితం అతికించాను, ప్రతి పాతిక కిలోమీటర్లకీ ఎన్నింటికి చేరితే చాలో. ఫోన్లో ప్రతి అరగంటకీ అలారం, పేరు ‘బొగ్గు’. అది మోగితే తినాలి, అంతే.

ఆనందపురం దగ్గరే అందరూ నన్ను దాటేశారు. ఒంటరిగా మిగిలాను. కాళ్ళు దురద పెట్టాయి, నిజంగా. మొదటి 50కి రెండు గంటల ఇరవై నిమిషాలు. ఎచ్చెర్ల దగ్గర హోటల్లో పెరుగన్నం తిని ఇరవై నిమిషాలకే లేచాను. పూసపాటిరేగ వచ్చింది. ఆ చెట్టు అక్కడే ఉంది. దాని కింద నా ముందు బయల్దేరినవాడు ఒకడు హెల్మెట్ తీసి కూర్చున్నాడు. మొహం చూడగానే అర్థమైంది. రెండు అరటిపళ్ళు, చిక్కీ, మజ్జిగ సీసా ఇచ్చాను. “టైమెంతైంది, ఇంకెంతుంది, లెక్క చెయ్యి బ్రదర్” అన్నాను. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పదిహేను నిమిషాలు కూర్చున్నాం. తర్వాత ఇద్దరం కలిసి బయల్దేరాం, మాట్లాడుకుంటూ. వాళ్ళది విజయనగరం, బ్యాంకులో ఉద్యోగం, పెళ్ళి సంబంధాలు చూస్తున్నారట.

చీకటి పడుతుండగా హనుమంతవాక చేరాం. 11 గంటల 40 నిమిషాలు. కార్డు మీద ముద్ర వేశారు. ఆ నెలాఖరు రిపోర్టులో హెచ్‌బీఏ1సీ 5.6. సైకిల్ ఒక్కటే కాదు, రాత్రి అన్నం తగ్గించడం కూడా ఉంది అందులో.

తర్వాతి ఆదివారం కూర్మన్నపాలెం వెళ్ళేసరికి వరండాలో హెర్క్యులిస్ తలకిందులుగా ఉంది. నాన్న చైను కిరోసిన్‌తో తుడుస్తున్నారు. కొత్త ట్యూబులు తెచ్చుకున్నారు. మాట్లాడకుండా పక్కన కూర్చుని చక్రం పట్టుకున్నాను. సాయంత్రం ఇద్దరం ఉక్కునగరం లోపల తిరిగాం, మేం పెరిగిన క్వార్టర్ ముందు నుంచి. మొదటి మలుపులోనే నేను ముందుకెళ్ళిపోయాను, అలవాటుగా.

“ఒరేయ్, ఆగరా. ఎక్కడికి వెళ్ళాలని?” అని వెనక నుంచి కేక.

గేరు తగ్గించాను.